బాటసారి హక్కు

గత డిసెంబరులో మా మేనకోడలు తన భర్తతో కలిసి బ్యాంకాక్ నగరానికి వెళ్లి వచ్చింది. అల్లుడికి అక్కడ కార్యాలయపు పని నాలుగు రోజులు ఉన్నది. మరో మూడు రోజులు కలుపుకొని ఇద్దరూ ఊరు చూశారు. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఆ దేశంలో వానలు వెనుదిరిగి, ఎండ మెత్తబడే కాలం కనుక నలుమూలల నుంచి యాత్రికులు వచ్చి పడతారు. యాత్రికులు ఎక్కడ ఉంటారో, వారి సంచులపై కన్ను వేసేవారూ అక్కడే ఉంటారు.

ఒక ఉదయం వారు రాజప్రాసాదం చూడటానికి బయలుదేరారు. ద్వారం ఇంకా కొంత దూరం ఉండగా, ఇస్త్రీ చొక్కా ధరించి, మెడలో గుర్తింపు కార్డు వంటిది వేలాడదీసుకున్న ఒక పెద్దమనిషి ఎదురయ్యాడు. ఏ దేశమని అడిగాడు. ఇండియా అనగానే ఎంతో సంతోషించాడు. "అయ్యో, ప్రాసాదం ఈ రోజు మధ్యాహ్నం దాకా మూసి ఉంటుంది. లోపల ఏదో క్రతువు జరుగుతోంది. అందాకా ఊరు చూసి రండి" అని, పక్కనే నిలిచి ఉన్న మూడు చక్రాల బండిని పిలిచాడు. అక్కడ దానిని టుక్ టుక్ అంటారు, మన ఆటో వంటిదే. బాడుగ నామమాత్రం. దారిలో ఒక రత్నాల దుకాణం ఉన్నదనీ, అక్కడ తగ్గింపు అమ్మకానికి ఆ రోజే ఆఖరనీ, కొన్న రాళ్లను స్వదేశంలో రెట్టింపు ధరకు అమ్ముకోవచ్చనీ కూడా చెప్పాడు. మా మేనకోడలు బండి ఎక్కలేదు. భర్త చేయి పట్టుకొని నేరుగా ద్వారం వరకు నడిచింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆ ప్రాసాదం సాధారణంగా ప్రతి రోజూ ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు తెరిచే ఉంటుంది.

తిరిగి వచ్చిన తరువాత మా ఇంట్లో కూర్చొని ఇదంతా చెబుతూ, "మామూ, అతడు నోరు తెరవగానే నాకు నాంపల్లి జ్ఞాపకం వచ్చింది" అన్నది.

ఆ మాటకు మేము ఉలిక్కిపడ్డాము. ఆమె తండ్రి, అంటే మా బావగారు, చేతిలోని టీ కప్పును కింద పెట్టారు. ఎందుకంటే నాంపల్లిలో ఏం జరిగిందో ఆమెకు తెలియదని మేమిద్దరం ఐదేళ్లుగా నమ్ముతూ వచ్చాము. వారందరి అనుమతితోనే ఆ సంగతిని ఇక్కడ రాస్తున్నాము.

హైదరాబాదుకు జనవరి వచ్చిందంటే నుమాయిష్ వచ్చినట్టే. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు పూనుకొని, స్వదేశీ వస్తువుల ప్రదర్శనగా బాగ్-ఎ-ఆమ్‌లో దీనిని ఆరంభించారు. 1946లో అది నాంపల్లిలోని ప్రస్తుత మైదానానికి మారింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు, సాయంత్రం వేళల్లో, కాశ్మీరు శాలువాల నుంచి లక్నో కుర్తాల వరకు దేశంలోని సరుకంతా అక్కడికి చేరుతుంది. సంక్రాంతి సెలవులు కూడా ఆ రోజుల్లోనే రావడం వల్ల కోస్తా నుంచి, రాయలసీమ నుంచి కుటుంబాలు తరలివస్తాయి. రైలు దిగేది నాంపల్లిలో, బస చేసేది స్టేషను ఎదుటి లాడ్జీల్లో, కొనుగోళ్లు ఆబిడ్స్‌లో. ఒక మైలు లోపలే అంతా. కొత్తవారిని వేటాడేవారికి ఇంతకంటే అనువైన స్థలం, కాలం మరొకటి ఉండదు.

2020 జనవరిలో, సంక్రాంతి గడిచిన కొద్ది రోజులకు, మా ఆపా, బావగారు, మేనకోడలు ఒంగోలు నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చారు. అమ్మాయి నికాహ్ ఫిబ్రవరికి నిశ్చయమై ఉన్నది. తల్లి తన చేతి మీదుగా బిడ్డకు ముత్యాల హారం ఒకటి ఇవ్వాలని ఏళ్లుగా అనుకుంటున్నది. మా ఇల్లు చిన్నది. పైగా ఆ వారం మా మద్రసాలో పరీక్షలు. అందువల్ల వారు స్టేషను దగ్గరే గది తీసుకున్నారు. సాయంత్రం నుమాయిష్ చూసి, రాత్రి మా ఇంటికి భోజనానికి రావాలని ఏర్పాటు. స్టేషను నుంచి మైదానానికి నడిచే పోవచ్చని చెప్పి, మేము మా జవాబు పత్రాలతో కూర్చున్నాము.

అస్ర్ నమాజు చేసుకొని వారు నడక సాగించారు. దారిలో ఒక యువకుడు ఎదురయ్యాడు. తలపై టోపీ, చిన్న గడ్డం, మర్యాదైన మాట. బావగారికి సలాం చేసి, "చచా, నుమాయిష్‌కా? ఈ రోజు స్త్రీల దినమేమో, మగవారిని లోపలికి రానివ్వరేమో" అన్నాడు. బావగారు తటపటాయించారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నుమాయిష్‌లో ప్రతి ఏటా ఒక రోజును స్త్రీలకు ప్రత్యేకించే ఆనవాయితీ ఉన్నది. ఒంగోలులో ఉన్నవారు సైతం దాని గురించి వినే ఉంటారు. అయితే ఆ ఏడు అది అప్పటికే గడిచిపోయింది. ఆ యువకుడు మరో రెండు అడుగులు వెంట నడిచి, నుమాయిష్‌లో కొట్లు పెట్టేవారికి సరుకు అందించే గోదాము ఆబిడ్స్‌లో ఉన్నదనీ, అక్కడ సగం ధరకే దొరుకుతుందనీ, అమ్మాయి పెళ్లి సామాను అయితే మరీ మంచిదనీ చెప్పాడు. పెళ్లి సంగతి అతడికి ఎలా తెలిసిందని తరువాత మేము అడిగితే, బావగారు కాసేపు ఆలోచించి, "నేనే చెప్పాను" అన్నారు.

ఆటో కూడా సిద్ధంగానే ఉన్నది. ఇరవై రూపాయలే. మొజంజాహీ మార్కెట్ చుట్టూ తిప్పి, ఆబిడ్స్‌లో ఒక సందులో, మేడ మీద ఉన్న దుకాణానికి తీసుకుపోయాడు. లోపల అప్పటికే ఒక ఇల్లాలు ముత్యాలు బేరం చేస్తున్నది. "పోయిన ఏడు మా చెల్లికి ఇక్కడే కొన్నాము, రంగు చెక్కు చెదరలేదు" అని ఆపాతో అన్నది. ముప్పై వేలు అన్న హారం, చెవి కమ్మలతో సహా పద్దెనిమిది వేల ఐదు వందలకు దిగింది. బంగారు రంగు అంచున్న ధృవీకరణ పత్రం కూడా ఇచ్చారు. బిల్లు మాత్రం ఒక తెల్ల చీటీ.

రాత్రి భోజనాలయ్యాక బావగారు మమ్మల్ని పక్కకు పిలిచి ఆ పెట్టె తెరిచారు. ఏదో సంకోచం అప్పటికే ఆయనలో ఉన్నట్టున్నది. మాకు ముత్యాల సంగతి తెలియదు. మరునాడు ఫజ్ర్ తరువాత, మా మస్జిదుకు వచ్చే ఒక పత్తర్‌గట్టి వ్యాపారికి చూపించాము. ఆయన ఒక పూసను ముందు పళ్ల అంచుకు ఆనించి, రెండు క్షణాల్లో తీసివేశారు. నిజమైన ముత్యం అలా ఆనిస్తే సన్నని ఇసుక తగిలినట్టు గరగరలాడుతుందట; నకిలీది నున్నగా జారిపోతుంది. తరువాత సూది మొనతో రంధ్రం అంచున గీరితే మెరుపు పూత పొరలా లేచింది. లోపల ప్లాస్టిక్. "హైదరాబాదులో సముద్రం లేదు మౌలానా. మన దగ్గర ఉన్నది ముత్యాలకు రంధ్రం చేసి గుచ్చే పనితనం. ముత్యాలు బయటి నుంచి వస్తాయి, ఇప్పుడు ఎక్కువగా చైనా మంచినీటి చెరువుల నుంచి. ఆ పనితనం పేరు చెప్పుకొని దీనిని అమ్ముతున్నారు" అని ఆయన బాధపడ్డారు.

జుహ్ర్ అయ్యాక బావగారిని వెంటబెట్టుకొని ఆ మేడ ఎక్కాము. దుకాణదారుడు కుర్చీలు వేసి, మంచినీళ్లు ఇచ్చి, గోడ మీది పలకను చూపించాడు: అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు. అటువంటి పలకకు చట్టం ముందు విలువ లేదని మాకు ఆనాడు తెలియదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువు లోపల, అట్టి గడువు రాయకపోతే ముప్పై రోజుల లోపల తిరిగి తీసుకోనంటే అది అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. సరైన బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. మేము ఠాణాకు వెళితే అక్కడి వారు ఆ తెల్ల చీటీని తిప్పి చూసి, దీని మీద దుకాణం పేరు ఏదని అడిగారు. పేరు లేదు, జీఎస్‌టీ సంఖ్య లేదు, తేదీ కూడా లేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండు మూడు రోజులు తిరగాలన్నారు. బావగారి రైలు ఆ సాయంత్రమే. బాటసారికి సమయం ఉండదు. మోసగాడి వ్యాపారానికి పెట్టుబడి అదే.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మేము ఆ దుకాణంలో కూర్చుని ఉండగానే మెట్ల మీద అడుగుల చప్పుడయింది. మరో కుటుంబాన్ని వెంటబెట్టుకొని ఆ యువకుడు పైకి వచ్చాడు. బావగారు "ఇతడే" అన్నారు. అతడు మా వైపు చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. అతడు మా శిష్యుడు.

ఆరేళ్ల క్రితం మా తరగతిలో మొదటి వరుసలో కూర్చున్నవాడు. ఖుర్ఆన్ కంఠస్థం చేసినవాడు. తండ్రి మరణించడంతో చదువు మధ్యలో ఆపి వెళ్లిపోయాడు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు. అతడిని కిందికి తీసుకుపోయి ఒక హోటల్లో కూర్చోబెట్టాము. టీ చల్లారిపోయేదాకా అతడు తల ఎత్తలేదు. చివరికి, "హజ్రత్, నేను అబద్ధం చెప్పలేదు. స్త్రీల దినమేమో అన్నాను. రానివ్వరేమో అన్నాను" అన్నాడు.

ఆ "ఏమో" మమ్మల్ని చాలా కాలం వెంటాడింది. ఒకే మాటకు రెండు అర్థాలు పలికించి, దగ్గరి అర్థం వినిపిస్తూ దూరపు అర్థాన్ని ఉద్దేశించడాన్ని అరబీ అలంకార శాస్త్రంలో తౌరియా అంటారు. దానిని ఒక అందంగా, ఉదాహరణలతో సహా, ఎంతో ఇష్టంగా మేమే బోధించాము.

ఇక క్రయవిక్రయాల ప్రకరణం మాటేమిటి? మా మద్రసాలలో పిల్లలు చదివే తొలి ఫిఖ్ హ్ గ్రంథాలలో ఖుదూరీ ఒకటి. హిజ్రీ 428లో బగ్దాదులో మరణించిన ఇమామ్ ఖుదూరీ రచన. అందులో శుచి, నమాజు, జకాతు, ఉపవాసం, హజ్జ్ తరువాత వచ్చేది కితాబుల్ బుయూ, అంటే అమ్మకాల అధ్యాయం. మా విద్యా సంవత్సరం షవ్వాల్‌లో మొదలై షాబాన్‌లో ముగుస్తుంది. బావి నీటిలో ఎలుక పడితే ఎన్ని బొక్కెనలు తోడాలన్న చర్చకు మేము రోజుల తరబడి వెచ్చిస్తాము. ఇప్పుడు మా పిల్లల్లో బావి చూసినవారు ఎందరు? అమ్మకాల అధ్యాయానికి చేరేసరికి రజబ్ నెల వచ్చేస్తుంది, పరీక్షలు ముంచుకొస్తాయి. మూలం చదివించి, అర్థం చెప్పించి, పుటలు తిప్పుతాము. ఆ కుర్రవాడు కూడా ఆ అధ్యాయాన్ని అలాగే దాటాడు. అతడి అపరాధాన్ని మేము తేలిక చేయడం లేదు. కానీ ఆ రోజు ఆ హోటల్లో అతడిని గద్దించడానికి నోరు తెరిచిన మాకు, మధ్యలో మాట ఆగిపోయిన కారణం ఇది.

ఆ అధ్యాయంలో ఏమున్నదో ఆ రాత్రి మళ్లీ చదివాము. నాంపల్లి స్టేషను ముందు నిలబడి రాసినట్టుగా ఉన్నది. బయటి నుంచి సరుకుతో వచ్చే బిడారు ఊరు చేరకముందే ఎదురేగి, బజారు ధర తెలియని వారితో బేరం కుదుర్చుకోవడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. దానికి తలఖ్ఖీ అని పేరు. అలా అమ్ముకున్నవాడు బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతడికి ఉన్నదని హదీసు. అక్కడ నష్టపోయేది అమ్మేవాడు, మా విషయంలో కొనేవాడు. కానీ ఊరు చేరకముందే దారికాచి పట్టుకోవడం అనే కిటుకు ఒక్కటే. కొనే ఉద్దేశం లేకుండా పక్కన నిలబడి సరుకును పొగిడి ధర పెంచడం నజష్. అది కూడా నిషిద్ధం. పోయిన ఏడు చెల్లెలికి కొన్నానన్న ఆ ఇల్లాలు మాకు గుర్తుకు వచ్చింది.

బేరాల్లో తరచుగా మోసపోయే ఒక సహాబీ ఉండేవారు. ఆయన పేరు హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (రజి). కాదు, ఆయన తండ్రి అని మరికొందరు అంటారు. తలకు తగిలిన గాయం వల్ల ఆయన బుద్ధి, మాట కొంత దెబ్బతిన్నాయి. వ్యాపారం మానుకొమ్మని ఇంటివారు పట్టుబట్టారు. దైవప్రవక్త (స) ఆయనకు ఒక మాట నేర్పారు: ఏదైనా కొనేటప్పుడు, ఇందులో వంచన లేదని ముందుగా షరతు పెట్టమన్నారు. మూడు రోజుల గడువు కూడా ఇచ్చినట్టు ఉల్లేఖనాలు ఉన్నాయి. మేము ఎన్నోసార్లు చదివిన వృత్తాంతమే. అయితే ఇన్నాళ్లూ గమనించనిది ఒకటి అప్పుడు కనిపించింది. నీవు జాగ్రత్తగా ఉండాల్సింది అని ఆయనను ఎవరూ తప్పు పట్టలేదు. అమాయకుడిని బజారుకు తగినట్టు మార్చడం కాక, అమాయకుడు నడవగలిగినట్టుగా బజారును సరిచేశారు. ధర తెలియక, అమ్మేవాడి మాటపై భారం వేసి కొనేవాడికి ఫిఖ్ హ్‌లో ముస్తర్సిల్ అని ప్రత్యేకంగా పేరే ఉన్నది. అతడిని ఘోరంగా ముంచితే ఆ బేరాన్ని తిరగదోడే అధికారం అతడికి ఉంటుందని హంబలీ పండితులు చెప్పారు. జకాతు ధనానికి హక్కుదారులైన ఎనిమిది వర్గాలలో బాటసారి కూడా ఒకడు. తన ఊరిలో ధనవంతుడైనా సరే. దారిలో మనిషి నిస్సహాయుడని అంత పూర్వమే గుర్తించిన ధర్మం మనది.

మన ఇళ్లలో మాత్రం మోసపోయినవాడే దోషి. బావగారు ముప్పై రెండేళ్లు ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పారు. "లెక్కల మాస్టారిని లెక్కలో ముంచారు" అంటూ నవ్వే బంధువుల ముఖాలు ఆయనకు ముందే కనిపించాయి. రైలు ఎక్కే ముందు మా చేయి పట్టుకొని, "మౌలానా, మీ ఆపాకు చెప్పకండి, అమ్మాయికి అసలే వద్దు" అన్నారు. సరే అన్నాము. ఫిబ్రవరిలో నికాహ్ జరిగింది. అమ్మాయి మెడలో ఆ హారాన్ని చూసి వియ్యాలవారు మెచ్చుకుంటుంటే మేము పక్కనే కూర్చొని వడ్డిస్తున్న బిర్యానీ వైపు చూశాము. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడి తగిలితే, ఆ తడిసినదానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పోయలేదని దైవప్రవక్త (స) ఆ వ్యాపారిని నిలదీసిన సంఘటనను మా శిష్యుడికి ఆ హోటల్లో గుర్తు చేసింది మేమే. తడిని అడుగున దాచినవారిలో ఇప్పుడు మేమూ చేరాము.

తరువాతి శుక్రవారం ఆ కుర్రవాడు మద్రసా గేటు దగ్గర మమ్మల్ని ఆపి, చేతి రుమాలులో కట్టిన డబ్బు ఇచ్చాడు. మూడు వేల ఏడు వందలు. నూటికి ఇరవై చొప్పున అతడి వాటా. బావగారికి పంపితే తీసుకున్నారు. తీసుకోవడమే సబబని మేమూ అనుకున్నాము. ఆ తరువాత అతడు మాకు కనిపించలేదు. జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే పనిలో కుదిరాడని ఎవరో చెప్పారు.

ఇది జరిగిన తరువాత నాంపల్లి, ఆబిడ్స్ వీధులలో నడిచేటప్పుడు మా చూపు మారింది. మోసం అనేది పచ్చి అబద్ధం మీద నిలబడదు. బ్యాంకాకులో క్రతువులు ఉంటాయి, నుమాయిష్‌లో స్త్రీల దినం ఉంటుంది, హైదరాబాదు ముత్యాలకు పేరున్నది. అందరూ నమ్మే ఒక నిజాన్ని అరువు తెచ్చుకొని మోసగాడు దాని వెనుక నిలబడతాడు. బావగారి విషయంలో అతడు అరువు తెచ్చుకున్నది సలాంను, టోపీని. కొత్త ఊరిలో మన భాషలో, మన పద్ధతిలో పలకరించినవాడిని నమ్మడం సహజం. పలకరింపుకు జవాబివ్వండి, అది మీ బాధ్యత. బండి ఎక్కడం బాధ్యత కాదు.

మూసి ఉన్నదని దారిలో ఎవరు చెప్పినా గేటు దాకా వెళ్లి చూడండి. నుమాయిష్‌కు అజంతా గేటు, గాంధీభవన్ గేటు, గోషామహల్ గేటు ఉన్నాయి. టికెట్టు ఇచ్చేవాడి నోటి నుంచి విన్నదే నిజం. స్టేషను నుంచి నడవలేని పెద్దవారుంటే నాంపల్లిలో మెట్రో ఎక్కితే తరువాతి స్టేషనే గాంధీభవన్. బాడుగ మరీ తక్కువ అన్న ఆటోను, మరీ ఎక్కువ అన్న ఆటో కంటే ఎక్కువగా అనుమానించండి. తేడా ఎవరో కడుతున్నారు, చివరికి అది మీ దగ్గరే వసూలవుతుంది. లాడ్జీలో గది చూడకుండా డబ్బు కట్టవద్దు. ఊరికి తిరుగు ప్రయాణం ఎప్పుడో, ఇంట్లో ఏ శుభకార్యం ఉన్నదో దారిన పోయేవారికి చెప్పవద్దు. పెద్ద కొనుగోలు ఏదైనా వచ్చిన రోజునే చేయండి, వెళ్లే రోజున కాదు. ఒక రాత్రి చేతిలో ఉంటే తిరిగి వెళ్లి అడగటానికి వీలుంటుంది. దుకాణం పేరు, జీఎస్‌టీ సంఖ్య, తేదీ ఉన్న బిల్లు లేకుండా వేయి రూపాయల వస్తువు కూడా కొనకండి. బంగారమైతే హాల్‌మార్కు మీద ఆరు అక్షరాంకెల సంఖ్య ఉంటుంది. భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో దానిని సరిచూడవచ్చు. వినియోగదారుల ఫిర్యాదులకు 1915, ఫోను ద్వారా డబ్బు పోతే 1930. మీకు డబ్బు రావడానికి మీ పిన్ నొక్కాల్సిన అవసరం ఎన్నడూ ఉండదు. రంజాన్‌లో, హజ్ హౌస్ నుంచి యాత్రికులు బయలుదేరే రోజుల్లో కూడా జిల్లాల నుంచి వచ్చేవారికి ఈ మాటలే వర్తిస్తాయి. బ్యాంకాక్ వెళ్లేవారికి పర్యాటక పోలీసుల సంఖ్య 1155.

ఇంత చెప్పాక ఆబిడ్స్‌కు అన్యాయం చేశామేమో అనిపిస్తున్నది. ఆ పేటకు పేరు వచ్చింది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ పెట్టిన దుకాణం వల్ల. నిజాం ఇంటి వస్తువులనే ఆ దుకాణంలో పెట్టి తిరిగి నిజాంకే అమ్మేవాడని నగరంలో ఒక కథ చెప్పుకుంటారు. ఎంత నిజమో గానీ, నిజాం అంతటివాడే మోసపోయాడంటే బావగారికి కొంత ఊరటే. అదే ఆబిడ్స్‌లో ఆదివారాలు దుకాణాలు మూసి ఉండగా కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ఒకసారి మాకు అల్-మున్జిద్ అరబీ నిఘంటువు కనిపించింది. అమ్మేది నుదుట విభూతి రేఖలున్న ఒక వృద్ధుడు. ధర అడిగేలోపే ఆయన పుస్తకాన్ని మా చేతి నుంచి తీసుకొని, మధ్యలో తెరిచి, "ఇక్కడ పద్నాలుగు పుటలు లేవు సార్, నాకు ఈ భాష రాదు గానీ అంకెలు చూసుకున్నాను. ముందే చెబుతున్నాను" అన్నారు. తడిసిన ధాన్యాన్ని రాశిపైన పోసినవాడు ఆయన. ఆ నిఘంటువు ఇప్పటికీ మా బల్ల మీద ఉన్నది. అమ్మకాల అధ్యాయాన్ని మేము రజబ్ దాకా ఆగకుండా సంవత్సరం మొదట్లోనే చెబుతున్నాము; మొదటి రోజున ఆ పుస్తకాన్ని తరగతికి తీసుకుపోయి, పుటలు లేని చోట తెరిచి పిల్లల ముందు పెడుతున్నాము. పాఠ్యక్రమం తప్పుతున్నామని తోటి ఉపాధ్యాయులలో ఒకరిద్దరికి ఇప్పటికీ అసంతృప్తే.

ఇక మా మేనకోడలి మాట. నాంపల్లి ఎందుకు గుర్తుకు వచ్చిందమ్మా అని అడిగాము. ఆమె తండ్రి వైపు చూసి నవ్వింది. "పెళ్లినాడే చెమటకు పూసల దగ్గర పూత లేచింది మామూ. స్నానాల గదిలో తీసి చూసుకున్నాను. అబ్బా అప్పటికే చిక్కిపోయి ఉన్నారు, అడగలేదు. మూడో రోజున మా అత్తగారికి మాత్రం చెప్పేశాను, దాచడం ఇష్టం లేక."

అత్తగారు ఏమన్నారని బావగారు నెమ్మదిగా అడిగారు.

"ఆమె పెళ్లికి లాడ్ బజార్‌లో కొన్న బంగారు గాజుల సంగతి చెప్పి, ఆ పెట్టె తెచ్చి చూపించారు. ఇత్తడివి. ముప్పై ఏళ్లుగా ఆమె కూడా ఎవరికీ చెప్పలేదట."

ఆపా వంటింట్లో నుంచి, ఏమిటి నవ్వుతున్నారని అడిగింది. ఈసారి బావగారు లేచి తానే లోపలికి వెళ్లారు.